రీస్టార్ట్ చేసినా ర్యామ్ మర్చిపోదు!

ఫోన్ మొండికేస్తే మనందరికీ తెలిసిన వైద్యం ఒకటే: ఆఫ్ చేసి ఆన్ చేయడం. ఆ అలవాటే నన్ను ఒకసారి ముంచింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా ల్యాబ్‌లో ఓ లినక్స్ బోర్డు మూడు నాలుగు రోజులకోసారి అర్ధరాత్రి క్రాష్ అయి, దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. ఓ ఉదయం వెళ్లేసరికి మళ్లీ అదే సీన్. 'ఫ్రెష్‌గా మొదలుపెడదాం' అని ప్లగ్ పీకి పెట్టాను. మా సీనియర్ తల పట్టుకున్నారు. "ప్లగ్ ఎందుకు పీకావ్ తమ్ముడూ? సాక్ష్యమంతా పోయింది!"

రీస్టార్ట్ అయితే ర్యామ్ ఖాళీ అయిపోతుందనే అప్పటిదాకా అనుకున్నా. కాదట! ర్యామ్‌లో ఒక్కో బిట్ అంటే బుల్లి కెపాసిటర్‌లో ఉన్న ఛార్జ్. అది కారిపోకుండా మామూలుగా 64 మిల్లీసెకన్లలోపే మళ్లీ నింపుతుంటారు. రీస్టార్ట్‌లో ప్రాసెసర్ మొదటికొస్తుంది కానీ, చాలాసార్లు ర్యామ్‌కి కరెంట్ ఆగదు. పైన వేరేది రాయనంతవరకు పాత రాత అలాగే ఉంటుంది.

ఫ్రీబీఎస్‌డీ దీన్ని చక్కగా వాడుకుంటుంది. బూట్ అవగానే మెసేజ్ బఫర్ ఉండే చోట మ్యాజిక్ నంబర్, చెక్‌సమ్ చూస్తుంది. రెండూ సరిపోతే పాత మెసేజ్‌లను ఉంచి, వాటి కిందే కొత్త బూట్ మెసేజ్‌లు రాస్తుంది. లినక్స్‌లో ఈ పని ర్యామూప్స్‌ది. కాస్త ర్యామ్‌ని పక్కన పెట్టి, కెర్నల్ చివరి మాటలను అందులో దాస్తుంది. క్రాష్ అయ్యే క్షణంలో డిస్క్‌ని నమ్మలేం కదా! చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇదే ఏర్పాటు.

నాలుగు రోజులు కాపలా కాశాం. ఈసారి ప్లగ్ జోలికి పోకుండా పీస్టోర్ ఫోల్డర్ తెరిస్తే, చివరి లైన్లలో ఓ డ్రైవర్ పేరుంది. రాసింది... నేనే!

ఈ జ్ఞాపకశక్తికి ఇంకో ముఖం కూడా ఉంది. కరెంట్ తీసేసినా ర్యామ్‌లో డేటా కొన్ని సెకన్లు నిలుస్తుందనీ, చల్లబరిస్తే నిమిషాలపాటు ఉంటుందనీ 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు చూపించారు. అలా డిస్క్ ఎన్‌క్రిప్షన్ కీలనే బయటికి లాగారు. అందుకే ప్రయాణాల్లో ల్యాప్‌టాప్‌ని స్లీప్‌లో పెట్టకండి, పూర్తిగా షట్‌డౌన్ చేయండి.

మరి ఫోన్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే? స్విచాఫ్ చేసే ముందే డెవలపర్ ఆప్షన్స్‌లో బగ్ రిపోర్ట్ తీసుకోండి. అయితే అందులో మీ వ్యక్తిగత వివరాలూ ఉంటాయి. కనపడిన ప్రతివాళ్లకీ పంపేయకండి!