గాజుతొట్టిలో పొత్తు

కొల్లేటి దేశమున పుట్టి పెరిగిన మనకు చేప క్రొత్తవస్తువు కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగు ఏరులు కొల్లేటిలో పడుచున్నవి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు కొనిపోవుచున్నది. కృష్ణా కాలువయు గోదావరి కాలువయు ఏలూరిలోనే కలిసికొనుచున్నవి. ఇన్ని నీళ్ల నడుమ నివసించు మన బాలబాలికలకు కొఱమీను ఏదో, జెల్ల ఏదో, బొమ్మిడాయి ఏదో ఒకరు నేర్పనక్కఱలేదు. అయినను చేపను కూర కొఱకు ఎఱుగుట వేఱు. దాని బ్రదుకుతెఱగును ఎఱుగుట వేఱు. ఈ రెండవ ఎఱుక మనలో కొఱతగా నున్నదనుటకు మన యిండ్లలోను బడులలోను వెలయుచున్న గాజుతొట్టులే సాక్ష్యము.

తొట్టి నొకదానిని ఉంచుకొనవలెనను కోరికను మేము నిందింపము. నిందింపదగినది చేపలను ఎన్నుకొను పద్ధతి. అంగడికి పోయి, కంటికి ఇంపైన రంగు గలవానిని జాతికి రెండేసి చొప్పున సంచులలో తెచ్చి, ఆ సాయంకాలమే అన్నింటిని ఒక్క నీటిలో విడుచుట వాడుక యైనది. వారము తిరుగునప్పటికి ఒకటి తోక చిరిగి మూల నక్కును; రెండు కానరాకుండ పోవును; మఱియొకటి వెలికిల తేలును. చేపలు మనకు అచ్చిరాలేదని ఇంటివారు తీర్మానించి, పండుగకు మరల అంగడికి పోవుదురు. అది అచ్చిరాకపోవుట కాదు, పొత్తు కుదురకపోవుట. తొట్టికి చేపలను ఒక్కొక్కదానిగా గాక ఒక కూటమిగా ఎన్నవలెననియు, కూటమి కుదురనిచో తొట్టిని వట్టి నీటితో నుంచుటయే మేలనియు మా అభిప్రాయము.

ఈ వివేకమును మనము దూరదేశమునుండి తెచ్చుకొనవలసిన పనిలేదు. మన ప్రాంతమున చేపల చెఱువును సాగుచేయు రైతును చూడుడు. ఆతడు ముందుగా వాలుగ, కొఱమీను, జెల్ల మున్నగు మాంసాహారులను ఏరివేయించి, పిమ్మటనే చేపపిల్లలను విడుచును. బొచ్చె పైనీటిలో మేయును. శీలావతి నడినీటిలో మేయును. మోసు అడుగున మేయును. ఒకదాని మేతకు మఱియొకటి పోటీ రాదు గనుక ఇవి ఒక్క చెఱువున ఒదుగును. మనవైపు సాగుదారులు శీలావతిని హెచ్చుగను బొచ్చెను తక్కువగను వేయుట పరిపాటి. 1957లో హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు ఒడిస్సాలోని అంగుల్‌లో సూదిమందు ప్రయోగించి కార్పు జాతి చేపలచేత గ్రుడ్లు పెట్టించుట సాధించెను. ఆ పద్ధతి వ్యాపించిన పిమ్మట పిల్లలకై నదులమీదనే ఆధారపడవలసిన అవస్థ తీఱి, ఈ సాగు దేశమంతట విస్తరించెను. పెట్టుబడి పెట్టిన రైతు రంగు చూచి పిల్లను కొనడు. దాని నోరును, మేతను, నీటిలో దాని చోటును చూచి కొనును. ఆ వివేకములో నూఱవ పాలైనను మన గాజుతొట్టికి చూపరాదా?

పొత్తు అనగా చేపకు చేపతోడి పొత్తు మాత్రమే కాదు. 1850వ సంవత్సరమున లండనునందు రాబర్ట్ వారింగ్టను అను రసాయన శాస్త్రజ్ఞుడు ఒక తొట్టిలో రెండు బంగారుచేపలను, వాలిస్నేరియా అను పొడవాకుల నీటిమొక్కను ఉంచి పరీక్షించిన వృత్తాంతమును ప్రకటించెను. మొక్క చేపకు ప్రాణవాయువు నిచ్చెను గాని, దాని ముదురాకులు క్రుళ్లి నీటిని చెఱుపసాగెను. అంతట ఆయన కొన్ని చెఱువు నత్తలను తెచ్చి విడిచెను. నత్తలు క్రుళ్లినదానిని తినివేసెను, నీరు తేటవడెను. చేప, మొక్క, నత్త అను మూడును కూడినప్పుడే ఆ తొట్టి నిలిచెను. ఆ వాలిస్నేరియా మొక్క మన కొల్లేటిలోను పెరుగును. ఒక ప్రాణి విడిచినది మఱియొక ప్రాణికి అక్కఱకు వచ్చుటయే పొత్తునకు మూలమని ఈ చిన్న పరీక్ష తెలుపుచున్నది.

ఇక ఎన్నికకు వలసిన పరీక్షలను చెప్పెదము. మొదటిది నోటి పరీక్ష. మత్స్యన్యాయమను మాటను మన పెద్దలు రాజనీతికి వాడిరి గాని, తొట్టిలో అది మాటకు మాటగా నిజము. నోట పట్టిన దెల్ల మేతయే. ఏంజెల్ చేప చూపునకు సాధువువలె నుండును. కాని అది ఎదిగినకొలది సన్నని నియాన్ టెట్రాలను ఒక్కొక్కదానినే మ్రింగును. ఆస్కర్ అను చేప బొటనవ్రేలంత యున్నప్పుడు అమ్ముడుపోయి, అడుగు పొడవు దాక ఎదిగి, తన తోడి చిన్నవాని నన్నింటిని లెక్కకు మిగుల్చదు. అద్దమునంటిన పాచి తినునని అమ్ము సక్కర్ చేప అడుగునకు మించియు పెరుగును. కావున అంగడిలో నున్న పొడవును గాక, ఎదిగిన పొడవును అడిగి తెలిసికొనవలెను.

రెండవది స్వభావ పరీక్ష. సయాము దేశపు ఫైటర్ చేపలలో రెండు పోతులను ఒక్క తొట్టిలో విడువరాదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడవు. టైగర్ బార్బ్ అను చారల చేపను ఒకటి రెండుగా తెచ్చినచో అది పొడవు రెక్కల చేపల వెంటబడి కొఱుకును. ఎనిమిదింటిని గుంపుగా నుంచినచో చాలవఱకు తమలో తామే ఆడుకొనును. గుంపుచేపకు తోడు లేకుండుట వెఱపునకును, కొన్నింటికి దుడుకుతనమునకును కారణమగును. జాతికి రెండేసి తెచ్చు వాడుక ఇందువలననే చెడ్డదని మేము చెప్పుచున్నాము. మూడు జాతులు ఎనిమిదేసి యున్న తొట్టి పండ్రెండు జాతులు రెండేసి యున్న తొట్టికంటె శాంతముగను, మా కంటికి మిక్కిలి అందముగను ఉండును.

మూడవది నీటి పరీక్ష. నియాన్ టెట్రా అమెజాను అడవులలోని మెత్తని, కొంచెము ఆమ్లగుణము గల నీటి చేప. మాలీ చేపకు గట్టినీరు, కొంత ఉప్పునీరు సయితము హితము. ఈ రెండింటికి ఒక్క నీరు చాలదు. బంగారుచేప చైనా దేశపు కార్పు సంతతి. చల్లని నీటిని కోరును, చాల తినును, నీటిని త్వరగా మురికిచేయును. మన వైశాఖ జ్యేష్ఠములలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు తొట్టినీరును కాగును. నీరు వేడెక్కినకొలది దానిలో ప్రాణవాయువు తగ్గును. ఆ వేళ కరెంటు పోయి గాలిమర ఆగెనా, ముందుగా ఇబ్బందిపడునది ఇట్టి చేపయే. ఇంకను మన డెల్టాలో పెక్కు తావుల బోరునీరు ఉప్పగా నుండును. కుళాయినీటిలో క్లోరిను ఉండును. చేపను ఎన్నుటకు ముందు మన నీరు ఎట్టిదో పరీక్షించి, దానికి తగిన చేపను తెచ్చుకొనుట సుకరము. చేపకై నీటిని ప్రతిదినము మార్చుచుండుట దుష్కరము.

నాలుగవది లెక్క పరీక్ష. మూడడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు గల తొట్టిలో అంచుదాక పోసినచో సుమారు 190 లీటర్ల నీరు పట్టును. ఇసుకకును పైని విడుచు చోటునకును పోగా 150 లీటర్లు మిగులును. అది ఇరువది చిన్న చేపలకు ఇల్లు, ఏబదింటికి చెఱసాల. చేపలు విడుచు మలినమునుండి అమోనియా అను విషము పుట్టును. కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, మఱికొన్ని దానిని అంత హానికరము గాని నైట్రేటుగను మార్చును. ఈ సూక్ష్మజీవులు క్రొత్త తొట్టిలో కుదురుకొనుటకు నాలుగు నుండి ఆఱు వారములు పట్టును. తొలినాడే తొట్టి నింపువాడు తన చేపలను విషములో విడుచుచున్నాడని ఎఱుగవలెను. కొలదిగా విడిచి, కుదురుకొనిన పిమ్మట మఱికొన్ని చేర్చుట మంచిది.

ఈ నాలుగు పరీక్షలలో నెగ్గు చేపలకై మనము అంత దూరము చూడనక్కఱలేదు. పొరుగింటి పుల్లకూర రుచి యను సామెత చేపల విషయమునను నిజమైనది. నీలిచారల జీబ్రా చేప మన దేశపుదే. ఫ్రాన్సిస్ హామిల్టను 1822లో ప్రకటించిన గంగానది చేపల గ్రంథమున దీనిని వర్ణించెను. నేడు ప్రపంచమందలి పరిశోధనశాలలలో ఈ చిన్న చేపపై జన్యుశాస్త్ర పరిశోధనలు జరుగుచున్నవి. మన కాలువలలోని చిన్న పరిగలు, చారల గౌరామి, ఇసుకలో దూరు సన్నని మీసాల చేపలు కూడ ఇట్టివే. జీబ్రా చేపలు ఎనిమిది పైనీటను, చుక్కల పరిగలు ఆఱు నడినీటను, మీసాల చేపలు నాలుగు అడుగునను, నీటిమొక్కల చాటున గౌరామి జంట యొకటియు ఉన్నచో ఆ 150 లీటర్ల తొట్టి నిండినట్లే. గౌరామి పోతు నీటిపై నురుగుతో గూడు కట్టి గ్రుడ్లను కాచును. ఆ తండ్రితనమును చూచిన బాలుడు మఱవడు.

అయితే ఈ చేపలను కొల్లేటినుండి పట్టి తేవలెనని మా భావము కాదు. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యముగను, 2002లో రామ్సర్ ఒడంబడిక ననుసరించి అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగను ప్రకటింపబడినది. తొట్టి ముచ్చటకై అందు చేయి పెట్టరాదు. పెంపకమువలన వచ్చిన పిల్లలనే అడిగి కొనవలెను.

రంగులేని నాటుచేపలను పిల్లలు చూడరని కొందఱు పెద్దలు ఆక్షేపింతురు. రంగుమీది ఈ మోజు ఎంతదాక పోయినదో వినుడు. మన దేశపు నీళ్లలో గాజుచేప యను అరచేతికంటె చిన్నదైన చేప కలదు. దాని దేహములోని యెముకలు వెలుపలికి కానవచ్చును. ఆ వింత చాలదని కొందఱు వర్తకులు దాని చర్మములోనికి సూదితో రంగుమందు ఎక్కించి అమ్ముట జరిగినది. కొన్నాళ్లకు రంగు వెలియును. అప్పటికే చేపలు పెక్కు చచ్చును. సృష్టికర్త తేటగా చేసినదానికి సూదిపోటుతో రంగు పూయు ముచ్చట మన బడికి తగదు. బాలురు రంగును ఒక దినము చూతురు. నడవడిని సంవత్సరమంతయు చూతురు.

ప్రాణులను తొట్టిలో నుంచుటయే తప్పని మఱికొందఱందురు. ఈ మాటను మేము తేలికగా త్రోసివేయము. పట్టించుకొనువారు లేని తొట్టి తప్పే. వేసవి సెలవులలో మేత యెవరు వేయుదురు, నీరు ఎవరు మార్చుదురు అను ప్రశ్నకు పేరుపెట్టి జవాబు చెప్పలేని తరగతి తొట్టిని కోరరాదు. చెప్పగలిగినచో, తనకంటె బలహీనమైన ప్రాణి క్షేమము తన చేతిలో నున్నదను భావమును తొట్టివలె కన్నులకు కట్టించు పాఠము అరుదు.

అన్నింటికంటె పెద్ద ప్రమాద మొకటి కలదు. పొత్తు కుదురని చేపను ఏమి చేయుదురు? చంపుటకు మనసొప్పక, పుణ్యమని తలచి, కాలువలో విడుతురు. నీరు పల్లమెఱుగును, ఏలూరును ఆనుకొని పాఱు తమ్మిలేరు కొల్లేటికే పోవును. దక్షిణ అమెరికానుండి అందమైన పూవు కొఱకు పందొమ్మిదవ శతాబ్దాంతమున మన దేశమునకు వచ్చిన గుఱ్ఱపుడెక్క నేడు కొల్లేటిని ఎట్లు కప్పుచున్నదో మనము చూచుచునే యున్నాము. 1952లో ఆహారమునకై తెచ్చిన తిలాపియా అదుపు తప్పి మన నీళ్లలో పెరిగిపోయినది. తొట్టులనుండి తప్పించుకొనిన సక్కర్ చేప నేడు మన దేశమున పెక్కు నీళ్లలో వలలకు చిక్కి, తన ముండ్లతో వానిని చింపుచున్నది. గట్లలో బొరియలు త్రవ్వుచున్నది. వల చినిగిన బెస్తవాని కూలి పోవును. ఆతని బిడ్డ మన ప్రక్క బల్లపైనే కూర్చుండి చదువుచుండవచ్చును. ఒక బాలుని జాలి ఇంకొక బాలుని అన్నమును తీయకుండవలెనన్నచో, తొట్టి చేపను ఎట్టి స్థితిలోను కాలువలో విడువరాదు. అమ్మినవానికి తిరిగి ఈయవలెను, లేదా తగిన తొట్టిగల మఱియొకరికి ఈయవలెను. మొదటనే సరిగా ఎన్నినవానికి ఈ చిక్కే రాదు.

కావున విద్యార్థులారా, అంగడికి పోవుటకు ముందు ఒక కాగితము తీసికొనుడు. కోరిన ప్రతి చేపకు ఎదురుగా ఐదు గళ్లు గీయుడు: ఎదిగిన పొడవు, మేత, వలయు నీరు, నీటిలో మసలు చోటు, కోరు తోడు. ప్రకృతిశాస్త్రము బోధించు ఉపాధ్యాయులను, ఇంటి పెద్దలను, చెఱువు సాగుచేయు బంధువులను అడిగి గళ్లు నింపుడు. ఒక్క గడి ఖాళీగా నున్నను ఆ చేపను కొనకుడు. తల్లిదండ్రులు కూడ ఆ కాగితము చూడక డబ్బు ఈయకుందురుగాక.