లావుగా ఉన్న అమ్మాయి మోడల్ అవుతానంటే



గత నెలలో తొమ్మిదో తరగతి పిల్లలకు కెరీర్ గైడెన్స్ ఫారాలు ఇచ్చాం. పెద్దయ్యాక ఏమవుతావు, ఎందుకు అని రెండే ప్రశ్నలు. ఏటా వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు. కంప్యూటర్ సైన్స్, డాక్టర్, ఐఏఎస్, ఈ మధ్య కొత్తగా డేటా సైన్స్. ఒక కాగితం మీద మాత్రం ‘ప్లస్ సైజ్ మోడల్’ అని ఉంది. ఎందుకు అన్నచోట ఒకే వాక్యం: ‘నా సైజు వాళ్లు ఏ బట్టల ఫొటోలోనూ లేరు కాబట్టి.’

నిజం చెప్పాలంటే, చదివి నేనూ నవ్వుకున్నాను. పేరెంట్ మీటింగ్‌లో ఆ కాగితం చూపిస్తే వాళ్లమ్మగారూ నవ్వారు. తర్వాత ఇబ్బందిగా, “మేడమ్, ఇవన్నీ పట్టించుకోకండి. ముందు పది కిలోలు తగ్గమని మీరైనా చెప్పండి” అన్నారు. అమ్మాయి పక్కనే ఉంది. తల వంచుకుని బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంది. ఆ జిప్పు చప్పుడు నాకు రెండు రోజులు వినబడుతూనే ఉంది. (ఈ సంగతి రాయడానికి తల్లీకూతుళ్లిద్దరి అనుమతీ తీసుకున్నాను. గుర్తుపట్టే వివరాలేవీ ఉంచలేదు.)

ఐఏఎస్ అని రాస్తే ఆ పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాం కదా, ఇదెలా ఉంటుందో నాకెందుకు తెలియదు అనిపించింది. కూర్చుని చదివాను. ఆ అమ్మాయి పేరు చెప్పిన మోడల్ దగ్గర మొదలుపెట్టాను.

ఆమె యాష్లీ గ్రాహమ్. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం అమ్మాయి, 1987లో పుట్టింది. పన్నెండేళ్ల వయసులో ఒక షాపింగ్ మాల్‌లో మోడలింగ్ ఏజెన్సీ వాళ్ల కంట పడింది. ఇక్కడిదాకా అందరికీ తెలిసిన అదృష్టం కథే. తర్వాతి భాగమే ఎవరూ చెప్పరు. హైస్కూల్ అయ్యాక న్యూయార్క్ వెళ్లింది. అక్కడ బరువు పెరిగింది, తగ్గితేనే పని అన్నారు, అద్దంలో తనను తాను చూసుకోలేని స్థితికి వచ్చింది. ఇంటికి వచ్చేస్తానని తల్లికి ఫోన్ చేసింది. తల్లి రావద్దంది. నీ శరీరం గురించి నువ్వేమనుకుంటున్నావన్నది ముఖ్యం కాదు, అది ఇంకెవరి జీవితాన్నో మార్చడానికి ఉంది అని చెప్పిందట. ఈ మాట యాష్లీయే చాలాచోట్ల చెప్పుకుంది. నేను ఆ తల్లి గురించే ఎక్కువసేపు ఆలోచించాను. కూతురు ఏడుస్తూ ఫోన్ చేస్తే ‘వచ్చెయ్ తల్లీ’ అనడం తేలిక. ‘నేను ముందే చెప్పాను కదా, తిండి తగ్గించమని’ అనడం ఇంకా తేలిక.

తర్వాత ఏళ్ల తరబడి ఆమె చేసింది క్యాటలాగ్ పని. అంటే అమ్మకానికి పెట్టే బట్టలు రోజంతా వేసి విప్పి ఫొటోలు దిగడం. పేరు రాదు, ఇంటి అద్దె వెళ్తుంది. 2013లో ఆమె ఉన్న ఏజెన్సీ ప్లస్ సైజ్ విభాగాన్ని మూసేసింది. అలా రోడ్డున పడ్డవాళ్లలో ఐదుగురు మోడళ్లు ‘ఆల్డా’ పేరుతో ఒక బృందంగా ఏర్పడ్డారు. ఆ ఐదుగురిలో ఆమె ఒకరు. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ఏటా తెచ్చే ఈత దుస్తుల సంచిక ముఖచిత్రంగా ఆమె వచ్చింది 2016లో. ఆ సంచిక మీద మీకూ నాకూ ఎన్ని అభ్యంతరాలైనా ఉండొచ్చు, ఉన్నాయి కూడా. కానీ ఆ అట్ట మీద అంత సైజు మోడల్ రావడం అదే మొదలు. 2017లో ఫోర్బ్స్ ప్రపంచంలో ఎక్కువ సంపాదించే మోడళ్ల జాబితా వేస్తే అందులో ఆమె ఉంది, 55 లక్షల డాలర్లతో. అంకె చెబితే గానీ మనకు నమ్మకం కుదరదు కాబట్టి రాశాను. ఆ అంకె కంటే, షాపింగ్ మాల్ నుంచి ఆ అట్ట దాకా పట్టిన పదిహేనేళ్ల పైచిలుకు కాలాన్ని గుర్తుంచుకోండి.

మీ ఇంట్లో బార్బీ ఉంటే ఇంకో ముచ్చట. 2016లో మ్యాటెల్ కంపెనీ యాష్లీ పోలికతో ఒక బొమ్మ చేసింది. ఆమె పెట్టిన షరతు: బొమ్మకు తొడలు ఒకదానికొకటి తగులుతూ ఉండాలి. మామూలు బార్బీ కాళ్ల మధ్య ఎంత ఖాళీ ఉంటుందో ఈసారి మీ పాప బొమ్మను తీసి చూడండి.

ఇదేదో నిన్నా మొన్నా పుట్టిన ఫ్యాషన్ అనుకున్నాను గానీ, కాదు. లిథువేనియా నుంచి న్యూయార్క్ వలస వచ్చి, భర్త పోతే బట్టలు కుట్టి బతికిన లీనా బ్రయంట్ అనే ఆవిడ 1904లో సొంత దుకాణం పెట్టింది. బ్యాంకు కాగితాల్లో ‘లీనా’ను పొరపాటున ‘లేన్’ అని రాశారు, అదే దుకాణం పేరుగా నిలిచిపోయింది. మొదట గర్భిణులకు బయటికి వేసుకెళ్లదగిన బట్టలు కుట్టింది, తర్వాత లావుగా ఉన్న ఆడవాళ్లకు. లేన్ బ్రయంట్ నూరేళ్లు దాటిన వ్యాపారం. లావుగా ఉన్నవాళ్లూ బట్టలు కొనుక్కుంటారు అన్న చిన్న సంగతి ఆవిడకు తట్టింది, మిగతా బజారుకు చాలా ఆలస్యంగా తట్టింది.

మన దగ్గర ఈ దారి ఇంకా సన్నగానే ఉంది, కానీ ఉంది. 2016లో ముంబయి లాక్మే ఫ్యాషన్ వీక్‌లో ప్లస్ సైజ్ మోడళ్లతో ప్రత్యేక ప్రదర్శన జరిగింది. సబ్యసాచి ముఖర్జీ దుస్తులు, నగల ప్రకటనల్లో వర్షిత తటవర్తి కనిపించినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. ఆ ఇంటిపేరు మనకు కొత్తది కాదు కదా. సినిమా సంగతికొస్తే, 2015లో అనుష్క ‘సైజ్ జీరో’ కోసం నిజంగానే బరువు పెరిగి నటించారు. త్వరగా సన్నబడాలన్న ఆశతో జనం ఎలా మోసపోతారో చెప్పిన కథ అది. అంతకు ముందు మన ప్రేక్షకులు సావిత్రిగారి బొద్దుతనాన్ని కళ్లకద్దుకున్నారు. ‘చిక్కిపోయావేమే’ అని బెంగపడిన అమ్మమ్మల ఇళ్లలోనే మనం పెరిగాం. ‘ఇంత లావయ్యావేమిటే’ అన్న మాట పలకరింపుగా ఎప్పుడు మారిందో నాకు సరిగా గుర్తులేదు.

ఇక వృత్తి సంగతి. ఆ అమ్మాయికి చెప్పినట్టే మీకూ చెబుతాను, తియ్యగా ఉండదు.

ప్లస్ సైజ్ అంటే ఎలా ఉన్నా తీసుకుంటారని కాదు. అక్కడా ఎత్తు చూస్తారు. యాష్లీ ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. నడుము సన్నగా, పైనా కిందా నిండుగా ఉన్న ఆకారానికే గిరాకీ ఎక్కువ. పొట్ట ముందుకు ఉన్నవాళ్లకు ఇప్పటికీ పిలుపు తక్కువే. కొన్నిచోట్ల కాస్త సన్నటి మోడల్‌కే లోపల ప్యాడ్లు పెట్టి ప్లస్ సైజ్ అనిపిస్తారు కూడా. ఇంకో పని ఉంది, ఫిట్ మోడలింగ్. బట్టల కంపెనీ కొత్త డిజైన్ కుట్టించాక అది ఒంటికి ఎలా కూర్చుందో చూడ్డానికి, ఆ సైజు కొలతలు సరిగ్గా ఉన్న మనిషిని పెట్టుకుంటారు. ఫొటో ఎక్కడా రాదు. కానీ కొలతలు మారకూడదు. తగ్గినా పని పోతుంది, పెరిగినా పోతుంది. కాబట్టి అద్దం నుంచీ టేపు నుంచీ తప్పించుకుందామని ఈ వృత్తిలోకి వెళ్తే అక్కడ ఇంకా పెద్ద అద్దం, ఇంకా ఖచ్చితమైన టేపు ఎదురవుతాయి. ఇది చెప్పినప్పుడు ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే కంపెనీ పెట్టేవాళ్లవ్వాలా మేడమ్?” అంది. లీనా బ్రయంట్ కథ అప్పుడే చెప్పాను.

తల్లిదండ్రులు జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. ‘మీ పాపలో మోడల్ ఉంది’ అంటూ మాల్స్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పలకరించి, పోర్ట్‌ఫోలియో పేరుతో వేలూ లక్షలూ ముందుగా అడిగేవాళ్లుంటారు. ఒళ్లు చూసి నలుగురూ నవ్వే పిల్లను ఎవరైనా ‘బాగున్నావ్’ అంటే ఎంత త్వరగా నమ్ముతుందో మీకు చెప్పనక్కర్లేదు. అసలైన ఏజెన్సీ మోడల్ సంపాదనలోంచి కమీషన్ తీసుకుంటుంది, మీ జేబులోంచి ముందుగా కాదు. అమ్మానాన్నలకు తెలియకుండా ఫొటోలు పంపమన్నారంటే మాట్లాడటం అక్కడే ఆపేసి పోలీసులకు చెప్పండి. పద్నాలుగేళ్లలోపు పిల్లలతో ప్రకటనలు తీయాలంటే 2017 నాటి కేంద్ర నిబంధనలున్నాయి. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి, రోజుకు ఐదు గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం బిడ్డ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. చిన్న పిల్లలను యాడ్ ఫిల్ములకు తీసుకెళ్తున్న తల్లిదండ్రులు మన బడిలోనే కొందరున్నారు కాబట్టి రాస్తున్నాను.

ఇంతకీ, మోడల్ అవుతుందా లేదా అన్నది ఆ అమ్మాయికి పద్నాలుగేళ్లప్పుడు తేలే సంగతి కాదు. నా అభ్యంతరం ‘ముందు పది కిలోలు తగ్గు’ అన్న మాట మీద. ముందు అది, తర్వాత మిగతా జీవితం అన్న వరస మీద. డాన్స్ నేర్చుకో, ముందు తగ్గు. మంచి బట్టలు కొంటాను, ముందు తగ్గు. పిన్ని కూతురి పెళ్లికి వెళ్దాం, ఈలోపు తగ్గు. నాలుగేళ్లప్పుడు ముద్దుగా ‘బొండాం’ అని పిలిచి, పద్నాలుగేళ్లొచ్చినా అదే పేరుతో బంధువుల ముందు పిలిచే నాన్నలున్నారు. ప్రేమే, కాదనను. పిల్ల నవ్వుతుంది కూడా. ఆ నవ్వు తర్వాత ఏమవుతుందో కౌన్సెలింగ్ గదిలో నేను చూస్తాను. అబ్బాయిలకూ ఇది తప్పదు, వాళ్లయితే చెప్పను కూడా చెప్పరు.

యాష్లీ 2015లో ఒక టెడెక్స్ వేదిక మీద అద్దం ముందు నిలబడి తన వీపు మీది కొవ్వుతో, తొడలతో మాట్లాడింది. మొదటిసారి చూసినప్పుడు నాకు కాస్త నాటకీయంగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. మన ఇళ్లలో ఎవరూ అలా చేయరు, చేయనక్కర్లేదు కూడా. మన పిల్లలు అద్దంలో వినేది తమ గొంతు కాదు, మనదే. అందుకే ఆ వీడియో పిల్లల కంటే ముందు మనం చూడటం మంచిదనిపించింది.

‘మరి ఆరోగ్యం?’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఎక్కువ బరువు వల్ల ఇబ్బందులు రావని నేను చెప్పను. కానీ ఆ సంగతి పిల్లల డాక్టరు చెప్పాలి. పెద్దవాళ్ల బీఎంఐ లెక్క పిల్లలకు పనికిరాదు. వయసునూ ఆడా మగా అన్నదాన్నీ బట్టి చూసే చార్టు వేరే ఉంటుంది, డాక్టరు దగ్గర అది దొరుకుతుంది. థైరాయిడో, పీసీఓడీయో ఉంటే పస్తులు పెట్టడం పరిష్కారం కాదు, చికిత్స కావాలి. పెళ్లిలో ఎదురైన పెద్దమ్మకు ఈ చార్టుతో సంబంధం లేదు. పైగా ఈ విషయంలో బడులకు మాట్లాడే అర్హత తక్కువ. పీటీ పీరియడ్‌ను లెక్కల క్లాసుగా మార్చిన బడిలో నేనూ పనిచేశాను, ఆ పీరియడ్‌లో లెక్కలు చెప్పింది నేనే. ఉదయం నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, ఆనక పిల్ల కదలదని తల్లికి ఫిర్యాదు చేశాం.

ఆ అమ్మాయి ఏడో తరగతిలో యాన్యువల్ డే డాన్స్‌కి పేరిచ్చి, రెండు వారాలు రిహార్సల్ చేసి, చివర్లో మానేసిందని నాకు ఈ మధ్యే తెలిసింది. అద్దెకు తెచ్చిన కాస్ట్యూమ్ పట్టలేదట. అందరి ముందే వేసి చూశారట. ఎవరో వెనక వరుసలో నిలబడమన్నారట, అక్కడైతే హుక్కు పెట్టకపోయినా కనబడదని. చెప్పినవాళ్లు మాలో ఒకరే. ఆమె తల్లి రెండేళ్లుగా, కూతురికి డాన్స్ మీద మోజు పోయిందనే అనుకుంటున్నారు.

ఈ ఏడాది కాస్ట్యూమ్ కొలతలు వచ్చే వారం మొదలవుతాయి. ఈసారి అద్దెకిచ్చే ఆయన అన్ని సైజులూ తెస్తేనే ఆర్డర్ అని ముందే చెప్పాం. అమ్మాయిల కొలతలు మహిళా టైలర్ తీసుకుంటారు, లైబ్రరీ పక్క గదిలో, ఒక్కొక్కరిని పిలిచి, తలుపు మూసి. అంకెలు పైకి చదవరు. వరుసలు ఎత్తును బట్టే వేస్తారు. మీరు పక్కన ఉండాలనుకుంటే మధ్యాహ్నం మూడు తర్వాత రావచ్చు.

ఆ అమ్మాయి మళ్లీ పేరిచ్చింది. ముందు వరుసో వెనక వరుసో ఇంకా తెలియదు, ఎత్తు కొలవాలి.