జీవలోకం: మొప్పలు విడిచే వేళ

మన పిల్లల పాఠ్యపుస్తకాలలో రూపవిక్రియ అనగానే కప్ప బొమ్మే కనిపిస్తుంది. కప్పకు దాయాది అయిన న్యూట్ మనకు అపరిచితం. దక్షిణ భారతంలో అది లేకపోవడమే కారణం. చూపునకు తడిసిన బల్లివలె ఉంటుంది. జపాన్‌లో మాత్రం వరిపొలాల నీటిలో తిరిగే ఎర్రపొట్ట న్యూట్ చిరపరిచిత ప్రాణి. దానిని వారు ‘ఇమోరి’ అంటారు. ‘బావి కాపరి’ అనే అర్థమిచ్చే అక్షరాలతో ఆ పేరు వ్రాస్తారు. గాజుతొట్టెలలో దానిని పెంచే అభిరుచి అక్కడ ఉన్నది.

తల్లి ఒక్కొక్క గుడ్డును నీటిమొక్క ఆకులో మడిచి దాస్తుంది. ఆ ఆకులను వెంటనే వేరే తొట్టెకు మార్చాలి. లేనిచో పెద్దవే గుడ్లను భక్షిస్తాయి. వెలువడిన డింభకానికి మెడకిరువైపులా ఈకలవంటి మొప్పలుంటాయి. చిరుకప్పకు వెనుక కాళ్లు ముందు కనిపిస్తే, దీనికి ముందరి కాళ్లే ముందు వస్తాయి. పైగా ఇది పుట్టుకతో మాంసాహారి. తొలిదశలో కదలని ఆహారాన్ని కన్నెత్తి చూడదు. మన కోస్తా రొయ్యల హేచరీలలో వాడే ఆర్టీమియా పిల్లలనే దీనికీ సజీవంగా అందిస్తారు. ఆకలి తీరకున్నచో తోబుట్టువుల కాళ్లనే కొరుకుతుంది. తెగిన కాలు మరల మొలుస్తుంది (ఈ సంగతిని ఇటలీ శాస్త్రవేత్త స్పల్లంజాని 1768లోనే ప్రకటించారు), అయినా పెద్ద పిల్లలను వేరుచేయుటే మేలని మా అభిప్రాయం. నీరు చల్లగా, సుమారు 20 డిగ్రీలు మించకుండా ఉండాలి. మన మే నెలలో అది గగనమే!

అసలు గండం చివరన ఉన్నది. కొన్ని నెలలకు థైరాయిడ్ స్రావం ప్రభావంతో మొప్పలు కుంచించుకుపోతాయి, తోక అంచు సన్నబడుతుంది. అంతవరకు నీటిలోనే పెరిగిన ప్రాణి, ఒడ్డు దొరకనిచో ఆ నీటిలోనే మునిగి చనిపోగలదు. కావున మొప్పలు తగ్గుట కనబడగానే నీటిమట్టం తగ్గించి, బెరడుముక్కను గాని నాచుగుట్టను గాని ఒడ్డుగా అమర్చాలి. మూతనూ మరువరాదు, తడి గాజును పట్టుకొని ప్రాకి బయటపడిన పిల్ల ఎండిపోతుంది. ఒడ్డెక్కినవి కొన్ని దినాలు ఆహారం ముట్టకపోవచ్చు. అందుకు కంగారు పడనవసరం లేదు.

మన దేశంలో డార్జిలింగ్ కొండలలో హిమాలయ న్యూట్ ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది గనుక పట్టి తెచ్చి పెంచరాదు. వేరొక భయమూ ఉన్నది. నెదర్లాండ్స్‌లో సాలమాండర్లను దాదాపు తుడిచిపెట్టిన శిలీంధ్రాన్ని 2013లో గుర్తించారు; పెంపుడు జంతువుల వ్యాపారం ద్వారా అది ఆసియానుండి అక్కడికి చేరినదని శాస్త్రజ్ఞుల భావన. అందుచేత పెంచిన న్యూట్‌ను గాని, తొట్టె నీటిని గాని చెరువులో, కాలువలో వదలరాదని నిపుణులు హెచ్చరిస్తున్నారు.

ఉత్సాహం గల పిల్లలు వానలు పడగానే మన కాలనీలోని నీటిగుంటల గట్టున కూర్చుని చిరుకప్పలను గమనించవచ్చు. ఏ కాళ్లు ముందు వచ్చినవో నోటుపుస్తకంలో తేదీతో సహా వ్రాసి మాకు పంపండి.