సీసా మూతిని అడగండి

బన్సీలాల్‌పేట్ మెట్లబావికి వెళ్లినవాళ్లు మెట్లకీ నీళ్లకీ ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. నేనైతే పూడికలోంచి బయటపడ్డ పాత సామాన్ల దగ్గర కాసేపు నిలబడమంటాను. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి, 2022 డిసెంబరులో మళ్లీ జనానికి తెరుచుకున్న బావి అది. పాత వస్తువు కనబడగానే ‘రెండొందల ఏళ్ల నాటిది’ అనేయడం మనకు అలవాటు. ఆ మాట వస్తువు చెప్పాలి, మనం కాదు. గోలీసోడా సీసానే తీసుకోండి. మూతికి లోపల గోలీ అడ్డుపడే ఆ పద్ధతికి హైరం కాడ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నది 1870లలో. అంతకంటే పాతది ఉండే వీల్లేదు. మామూలు సీసా పక్కన వేలితో తడిమితే సన్నటి అతుకు గీత తగులుతుంది. అది మూతి అంచుదాకా పాకితే యంత్రం మీద పోసిన సీసా, చాలావరకు ఇరవయ్యో శతాబ్దానిది. మెడ దగ్గరే ఆగిపోతే, మూతి చేత్తో దిద్దినది అయ్యుండొచ్చు. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం, వస్తువు ఏ లోతులో, వేటి పక్కన దొరికిందన్నది. కదలని పొరలో 1940 నాటి నాణెం ఉంటే ఆ పొర అంతకుముందు పూడింది కాదు. పాత బావుల్లో పూడిక తీసే ప్రతిచోటా పలుగు పక్కనే ఒక నోటుబుక్కు, కొలత టేపు ఉండాలి. దొరికిన ఇత్తడి చెంబును చింతపండుతో తోమేయకండి, ఆ చిలుము కూడా దాని చరిత్రే.