రాతి ఊడలు – నామౌచిత్యము

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలమునందలి బెలుం గుహలలో పైకప్పునుండి శిలలు జటలవలె వ్రేలాడుచున్న మండపమొకటి కలదు. దానిని స్థానికులు ‘ఊడలమర్రి’ అందురు. ‘బెలుం’ అను పేరు సంస్కృత ‘బిల’శబ్దమునుండి వచ్చినదని ప్రసిద్ధి. బిలము పేరు సంస్కృతభవమైనను, అందలి శిలకు మాత్రము జనులు తెలుగుమాటనే పెట్టుకొనిరి. ఆ మాటను విడిచి పాఠ్యగ్రంథములు తఱచుగా ‘స్టాలక్టైట్’, ‘స్టాలగ్మైట్’ అనియే వ్రాయుట నాకు సమ్మతము కాదు.

ఆ పదములు గ్రీకుభాషాభవములు. మొదటిదానికి మూలము ‘బొట్లుగా కారునది’ అను నర్థముగల శబ్దము, రెండవదానికి ‘బొట్టు’. రెండును ఒకే ధాతువు సంతానము. ఏది పైది, ఏది క్రిందిది అను భేదము ధాత్వర్థమున లేదు. విద్యార్థులు తారుమారు చేయుటలో వింత యేమి? హిందీ పరిభాషానిర్మాతలు క్షరణార్థకమైన ‘శ్చ్యుత్’ ధాతువు నాశ్రయించి ‘ఆశ్చుతాశ్మ’, ‘నిశ్చుతాశ్మ’ అని కల్పించిరి. పాఠశాలలో ధాతుపాఠము వల్లించిన నాకు ఆ యత్నము ముచ్చటగానే యున్నది. కాని ‘ని’ అను నుపసర్గ అధోభావమును స్ఫురింపజేయును. ఆ పేరు పెట్టినది నేలనుండి పైకి లేచు శిలకు! వ్యాఖ్యానము లేనిదే అర్థము కాని పారిభాషికపదము బాలునకు భారమే.

జరుగు పని యేమో సరళమైనదే. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి సున్నపురాతిని కరగించును. గుహలోనికి దిగిన బొట్టునుండి ఆ వాయువు వీడగా, కరగిన సున్నపురాయి కాల్సైట్ రూపమున అంటుకొనును. అది క్రమముగా క్రిందికి సాగును. మర్రిఊడయు అట్లే కొమ్మనుండి దిగి నేలనంటినచో మానగును. ఉపమానమిది ఆకారముతో ఆగక వృద్ధిక్రమమును గూడ చెప్పుచున్నది. ‘ఊడ’ అనగానే పైనుండి వచ్చునది యని పల్లెబాలునకు వేరుగా చెప్పవలెనా?

అన్ని జనవ్యవహారనామములును ఇట్టివి కావు. అచ్చటనే ‘కోటిలింగాలు’ కలవు. భక్తికి తగిన పేరే, శాస్త్రమునకు చాలదు. ‘సప్తస్వరాల గుహ’ అను పేరు మఱియు చిక్కైనది. తట్టినచో శిల మ్రోగునని వచ్చిన పేరది. విన్న ప్రతివాడును తట్టిచూడగోరును. వేలయేండ్ల శిలకు పేరే ముప్పు తెచ్చుట యన్నమాట.

ఇక నేలనుండి లేచుదానికి ఏమనవలెను? ‘రాతిమొలక’ యని కొంతకాలము తలచితిని. మొలక లోపలినుండి పెరుగును. ఈ శిల పైనుండి పడిన దానితో పెరుగును. కనుక ‘పుట్ట’ మేలు. చెదలు రేణువు రేణువుగా తెచ్చి పేర్చినట్లే, బొట్టు బొట్టుగా చేరిన కాల్సైట్ నేలపై పేరుకొనును. సంస్కృతాధ్యాపకుడు వల్మీకశబ్దమును విడిచి పుట్టను పట్టెనని మిత్రులు నవ్వవచ్చును.

ఊడయు పుట్టయు ఎదురెదురుగా సాగి ఏకమైనచో ‘స్తంభము’ చాలును. అది తెలుగువాడు ఎన్నడో తనదిగా చేసికొన్న మాట.