తొక్కితేనే సైకిలు

1975లో లెస్టరుకు వచ్చిన కొత్తలో మా మిత్రుడు ఉద్యోగానికి తొక్కిన పాత రాలీ సైకిలు షెడ్డులో తుప్పు పట్టిపోయింది. "పారేద్దామా గురూ?" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వెనక హబ్బు మీద, అది తయారైన సంవత్సరం, 68 అన్న అంకె ఇంకా చెరగలేదు. నాటింగ్‌హామ్‌లోని రాలీ ఫ్యాక్టరీయే 2002లో మూతపడింది.

మూడు శనివారాలు కూర్చుని చక్రాల బెండు తీశాను. బేరింగు బాల్సు మార్చి గ్రీజు పెట్టాను. తుప్పు గీకి, ప్రైమరు కొట్టి, ఆకుపచ్చ రంగు వేశాను. చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "హాల్లో గోడకు తగిలిస్తాను" అన్నాడు.

అక్కడే పేచీ వచ్చింది. తిరగని చక్రంలో గ్రీజు గట్టిపడుతుంది. పైరంగు ఎంత మెరిస్తే మాత్రం ఏం లాభం? మన ఇళ్ళలో తెలుగూ అంతే. పండగకు బయటికి తీస్తే చాలదు, రోజూ పలకాలి.

మొన్న ఆదివారం గంట కొట్టుకుంటూ మా వీధిలోకే వచ్చాడు.