నాలుగణాల స్టాంపు వంగకుండా చేరాలంటే

చీఫ్ పోస్ట్‌మాస్టర్ జనరల్, తెలంగాణ సర్కిల్, అబిడ్స్ వారికి,

అయ్యా,

పగలు సాఫ్ట్‌వేర్ కొలువు, రాత్రి ఆన్‌లైన్ వేలం. ఇలాంటి స్టాంపు ప్రియులు బాచుపల్లి అపార్ట్‌మెంట్లలోనూ ఉన్నారు. నిజాం రాజ్యం 1931లో వేసిన బొమ్మల స్టాంపుల్లో అణా దాని మీద చార్మినార్, నాలుగణాల దాని మీద ఉస్మాన్ సాగర్. అలాంటిదొకటి అమ్ముడుపోయాకే అసలు పరీక్ష.

స్టాంపును నున్నటి పలచటి కవరులో పెట్టి, అటూ ఇటూ అట్టముక్కలు వేస్తారు. అట్టముక్కలకు అంటించిన టేపు కొస కాస్త మడిచి వదులుతారు. లేదంటే కొన్నవారు కత్తెర ఆడించి స్టాంపుకే ఎసరు పెడతారు. వానాకాలమైతే ప్లాస్టిక్ తొడుగు తప్పదు. నాణేలు పంపేవారైతే అవి కదలకుండా చూసుకోవాలి. నాణెం గలగలలాడిందా, లోపలేముందో దారంతా చాటింపే!

2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. అక్టోబరు 1 నుంచి అందులోనే రిజిస్ట్రేషన్‌కు 5 రూపాయలు, ఓటీపీ డెలివరీకి మరో 5, పన్ను అదనం. చవకే. ఈ సంగతి ప్రతి కౌంటర్ దగ్గరా తెలుగులో రాసిపెట్టించండి.

పాత పత్రికలు అమ్మేవారి గోడు వేరు. పుస్తకాల కోసం 2025 మే 1న వచ్చిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోలకు 100. కానీ పత్రికలు అందులో చెల్లవు. 1950ల నాటి చందమామ సంచికకు పాఠ్యపుస్తకం పాటి మర్యాద దక్కకపోవడం అన్యాయమే. పాత పత్రికలకు మినహాయింపు ఇవ్వమని ఢిల్లీకి సిఫారసు చేయండి. కొన్ని తపాలా కార్యాలయాల్లో ఉన్న ప్యాకింగ్ కేంద్రం లాంటిది, ఐటీ ఉద్యోగులకు వీలయ్యేలా సాయంత్రాలు, బాచుపల్లిలోనూ నడిపించండి.